కొంగకు గుల్ల, గుల్లకు మడి

శ్రీకాకుళం జిల్లా ఇచ్ఛాపురం మండలం తేలుకుంచిలో వానాకాలం వచ్చిందని ముందుగా చాటేవి ఊరి చింతచెట్లే. తొలకరి జల్లులు పడీ పడకముందే వాటి మీద నత్తగుల్ల కొంగలు వాలతాయి. జూన్‌లో వచ్చి, పుల్లా పుడకా ఏరి గూళ్ళు కట్టి, గుడ్లు పెట్టి పొదిగి, పిల్లలకు రెక్కలొచ్చాక నవంబరు ప్రాంతంలో వెళ్ళిపోతాయి. ఆ అయిదారు నెలలూ చెట్ల కింద నేలంతా తెల్లటి రెట్టే. వాసన కూడా తక్కువేం కాదు. అయినా ఊరివాళ్ళు వాటిని పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడపిల్లల్లా చూసుకుంటారు. ఎవరైనా రాయి విసిరితే ఊరుకోరు.

ఆ ఊరి మంచితనం గురించి పత్రికల్లో చాలాసార్లు వచ్చింది. రావలసిందే. అయితే కొంగ ఒక ఊరిని ఎంచుకోవడానికి మంచితనం ఒక్కటే చాలదు. అది ఎందుకు వస్తుందో తెలియాలంటే దాని ముక్కు చూడాలి.

ఎదిగిన కొంగ ముక్కు మూసినా పూర్తిగా మూసుకోదు. పైముక్కు, కిందిముక్కు మొదట్లోనూ కొసలోనూ కలుస్తాయి గాని నడుమ సందు ఉండిపోతుంది. అందుకే దీన్ని చిల్లుముక్కు కొంగ అని కూడా అంటారు. పిల్లలకు ఈ సందు ఉండదు, పెరిగేకొద్దీ ఏర్పడుతుంది. ఇంత విచిత్రమైన ముక్కు దేనికంటే, నత్తగుల్లను తెరవడానికి. మడిలోనో చెరువులోనో ఉండే గుల్ల అలికిడి తగలగానే లోపలికి ముడుచుకుని, వాకిట్లో గట్టి మూత బిగించేసుకుంటుంది. చాలా పక్షులకు ఇక దానితో పని లేనట్టే. ఈ కొంగ మాత్రం గుల్లను నీళ్ళలోనే అదిమిపట్టి, ఒక పక్కకు కాస్త వంగిన కిందిముక్కు కొసను మూత సందులోకి దూర్చి, చిప్పను పట్టుకుని ఉన్న కండను కోసి, మెత్తటి మాంసాన్ని బయటికి లాగుతుంది. చాలాసార్లు చిప్ప పగలనైనా పగలదు. ఒక జీవి ఒంటి ఆకారమే ఇంకో జీవి వాకిలికి తాళంచెవిలా తయారైంది.

ఇక గుల్ల సంగతి. వేసవిలో చెరువు ఎండితే అది బురదలోకి దిగి, మూత వేసుకుని, నెలల తరబడి కదలకుండా పడుంటుంది. తొలకరికి నేల నానగానే పైకి లేస్తుంది. సరిగ్గా అప్పుడే రైతు దమ్ము చేస్తాడు, మళ్ళలో నీళ్ళు నిలుస్తాయి, నాచూ లేత ఆకూ దొరుకుతాయి, గుల్ల తిని బలిసి గుడ్లు పెడుతుంది. కొంగ పుల్లలు ఏరే రోజులూ, గుల్ల మట్టిలోంచి లేచే రోజులూ, రైతు నారు పోసే రోజులూ ఒక్కటే. గుడ్లు పొదగడానికి దాదాపు 25 రోజులు పడుతుంది. పిల్లలు కళ్ళు తెరిచి ఆకలికి అరిచే సమయానికి మళ్ళు నిండుగా ఉంటాయి. వరి కోతకు వచ్చి నీళ్ళు తీసేసే నాటికి పిల్లలు ఎగరడం నేర్చుకుంటాయి. గుల్లలు మితిమీరితే లేత నారును కొరికేస్తాయి కాబట్టి, కొంగ మడిలో దిగితే రైతుకు వచ్చే నష్టం ఏమీ లేదు. దక్షిణ అమెరికా నుంచి వచ్చిపడిన బంగారు నత్త థాయిలాండ్ వరిపొలాలను పాడుచేస్తున్నప్పుడు, అక్కడ దాన్ని తింటూ సంఖ్య పెంచుకున్నవి ఈ కొంగలే.

కొంగా గుల్లా అంటే రెండు జీవుల కథలా వినిపిస్తుంది. కొంచెం ఆగి చూస్తే మడి లేకపోతే ఆ రెండూ లేవు. మడిలో గుళికల మందు ఎక్కువైనా, వరి మానేసి నీలగిరి వేసినా, చెరువు గర్భం పూడి ఇళ్ళస్థలాలైనా కొంగను ఎవరూ ముట్టుకోనక్కర్లేదు. చెట్టు మీద అదే గూడు, ఊరివాళ్ళది అదే మనసు. మేత మాత్రం ఉండదు. ప్రకృతిలో ఏ ఇద్దరి బంధాన్ని చూసినా ఇలా మూడోది ఒకటి కనబడకుండా మధ్యలో ఉంటుంది. పక్షిని కాపాడదామని బయల్దేరేవాళ్ళు చాలామంది ఆ మూడోదాన్ని మరిచిపోతారు.

మరిచిపోవడానికి ఒక అపోహ కూడా కారణం. ఈ కొంగలు సైబీరియా నుంచి వేల మైళ్ళు దాటి వస్తాయని ఏటా రాస్తారు, పిల్లలకు కూడా అలాగే చెబుతారు. అది తప్పు. నత్తగుల్ల కొంగ భారతదేశం, శ్రీలంక, ఆగ్నేయాసియా దేశాలకు చెందిన పక్షి. ఇదే జిల్లాలోని తేలినీలాపురం వచ్చే గూడబాతు (పెలికాన్), ఎర్రకాళ్ళ కొంగ కూడా ఈ దక్షిణాసియా నీటిపట్టుల్లోనే పుట్టి పెరిగేవి. వానలూ నీళ్ళూ చూసుకుని ఒకచోటి నుంచి ఇంకోచోటికి మారుతుంటాయి, అంతే. ఇది చిన్న పొరపాటులా కనిపిస్తుంది గాని దాని ఫలితం చిన్నది కాదు. సైబీరియా నుంచి వచ్చిన అతిథి అనుకుంటే, ఓ ఏడాది రాకపోతే అక్కడేదో జరిగి ఉంటుందని సరిపెట్టుకుంటాం. ఇక్కడి పక్షేనని తెలిస్తే, రాకపోవడానికి కారణం మన చెరువులోనో మన మడిలోనో వెతకాల్సి వస్తుంది.

టెక్కలి మండలం తేలినీలాపురంలో కథ కొంచెం వేరుగా నడుస్తుంది. అక్కడికి గూడబాతులు ఎర్రకాళ్ళ కొంగలతో కలిసి వానలు వెనకపట్టాక వస్తాయి, ఎండలు ముదిరే దాకా ఉంటాయి. వాటి కాపురం ఊళ్ళోని చెట్ల మీద, వంట నౌపడ తంపరలో. సముద్రపు పోటు ఉప్పునీళ్ళూ, వాన మంచినీళ్ళూ కలిసే ఆ చిత్తడి నేలల్లో చేపలు గుడ్లు పెట్టి పెరుగుతాయి. పెలికాన్ కింది దవడకు వేలాడే సంచిని వలలా ముంచి వాటిని పడుతుంది, గూటికి తిరిగొచ్చి పిల్లల నోటికి అందిస్తుంది. తంపరలోని చేప ఊళ్ళోని చెట్టు కింద రెట్టగా రాలుతుంది. అందులో నత్రజని, భాస్వరం దండిగా ఉంటాయి. ఈ లాభం రైతులకు ఎప్పటి నుంచో తెలుసు. తమిళనాడులోని వేడంతాంగల్‌లో తమ చెరువు పక్షుల్ని సిపాయిలు కాల్చేస్తున్నారని అక్కడి రైతులు మొరపెట్టుకుంటే, 1798లోనే ఆంగ్లేయ కలెక్టరు వాటి రక్షణకు రాసిచ్చాడు. పక్షులు వాలే చెరువు నీరు పొలానికి ఎరువులాంటిదని వాళ్ళు అనుభవంతో గ్రహించారు.

ఆ తంపరే ప్రాణం పోసేది, ఒక్కోసారి ప్రాణం తీసేది కూడా. 2021 చివర, 2022 మొదట్లో తేలినీలాపురంలో వందకు పైగా పెలికాన్లు చనిపోయాయి. చెట్ల మీది నుంచి పండుటాకుల్లా రాలిపడుతుంటే ఊరు ఊరంతా తల్లడిల్లింది. కళేబరాలను కోసి చూస్తే కడుపులో నులిపురుగులు. చేపలు తినే పక్షుల్లో ఇలాంటి పురుగులు సాగించే ప్రయాణం చిత్రంగా ఉంటుంది. పక్షి రెట్టతో గుడ్లు నీళ్ళలో పడతాయి. వాటిలోంచి వచ్చిన పిల్లపురుగును నీటిలోని కంటికి ఆనని రొయ్యజాతి జీవి మింగుతుంది. దాన్ని చేప తింటుంది. ఆ చేపను పక్షి తింటే పురుగు మళ్ళీ ఇంటికి చేరినట్టు. పక్షి వల్ల చేప బతకదు, పురుగు వల్ల పక్షి బాగుపడదు, అయినా ఈ నలుగురూ ఒకరి లోంచి ఒకరు నడిచిపోతూనే ఉంటారు. మామూలు రోజుల్లో ఒంట్లో కొద్దిపాటి పురుగుల్ని పక్షి మోసుకుంటూ బతికేస్తుంది. ఎక్కువ పక్షులు తక్కువ నీటిలో, ఒకేచోట చేపలు పట్టుకోవలసి వస్తే ఆ చక్రం వేగంగా తిరుగుతుంది. పురుగు కొత్తది కాదు. అది తిరిగే చోటు ఇరుకవడమే ముప్పు.

చోటు ఇరుకవడం అంటే శ్రీకాకుళం వాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. సోంపేటలో బీల అనే చిత్తడి భూముల్లో థర్మల్ విద్యుత్ కేంద్రం వద్దని జనం ఎదురు తిరిగితే 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో సంతబొమ్మాళి మండలం కాకరాపల్లి తంపర దగ్గరా అదే జరిగింది. ఆ రోజుల్లో ఆ నేలల్ని బీడు అని రాసిన కాగితాలున్నాయి. బీల అంటే బీడు కాదు. వరికి నీరిచ్చేది బీల, జాలరికి చేపలిచ్చేది బీల, పశువులకు గడ్డినిచ్చేది బీల, కొంగలకు మేత పెట్టేది బీల. ఆ పోరాటం చేసింది మనుషులు, తమ బతుకుల కోసం. వాళ్ళు కాపాడుకున్న నీళ్ళలోనే ఇవాళ పక్షులు చేపలు పడుతున్నాయి.

పాఠ్యపుస్తకాల్లో ఇలాంటి సంబంధాలకు పేర్లున్నాయి. ఇద్దరికీ లాభమైతే పరస్పర సహకారం, ఒకరికి లాభం ఇంకొకరికి నష్టమైతే పరాన్నజీవనం, ఒకరికి లాభం ఇంకొకరికి ఏమీ కాకపోతే సహభోజకత్వం. పరీక్ష రాయడానికి ఇవి చాలు. తోటలోకి దిగితే చాలవు. ఇదే జిల్లాలోని ఉద్దానం ప్రాంతపు జీడితోటలో ఆకులు కుట్టి గూడు కట్టే ఎర్రచీమనే తీసుకోండి. పిక్కలు ఏరడానికి కొమ్మ పట్టుకున్నవాళ్ళ చేతులు, మెడ కొరికి మంటలు పుట్టిస్తుంది. అందుకే చాలామంది గూళ్ళను తగలబెట్టేస్తారు. అదే చీమ జీడి లేత చిగుళ్ళనూ పూతనూ పీల్చి మాడ్చేసే టీ దోమ అనే పురుగును వేటాడుతుంది. చీమలు బాగా ఉన్న చెట్ల మీద టీ దోమ నష్టం తగ్గుతుందని పరిశోధనల్లో తేలింది. చైనాలో నారింజ తోటల పురుగుల్ని పట్టడానికి ఇదే జాతి చీమల గూళ్ళను సంతలో కొని చెట్లకు కట్టేవారని 4వ శతాబ్దం నాటి రాతల్లోనే ఉంది. పోనీ చీమ రైతు నేస్తం అందామా అంటే, అదే చీమ పిండినల్లిని పాడి పశువులా పెంచుతుంది. పిండినల్లి చెట్టు రసం పీల్చి, తీపి తేనెబంకను విసర్జిస్తుంది. చీమ ఆ బంక కోసం పిండినల్లికి కాపలా కాస్తుంది. ఒకే చెట్టు మీద, ఒకే రోజు, ఒకే చీమ చెట్టుకు రక్షకుడూ, చెట్టును పీల్చేవాడికి రక్షకుడూ. టీ దోమ ఉధృతంగా ఉన్న ఏడాది చీమను ఉంచడమే లాభం, పిండినల్లి పెరిగిన ఏడాది లెక్క తిరగబడుతుంది. నేస్తమా శత్రువా అన్నది చీమను చూసి తేలదు. ఆ ఏడాది చెట్టు మీద ఇంకా ఎవరున్నారో చూడాలి.

ఇదే ఉద్దానంలో కొబ్బరి మట్టలు నల్లగా మసి పూసినట్టు మారడం ఈ మధ్య చాలామంది చూశారు. ఆ మసికి మూలం సర్పిలాకార తెల్లదోమ. మధ్య అమెరికా నుంచి వచ్చిన ఈ దోమ మన దేశంలో మొదట 2016లో తమిళనాడులోని పొల్లాచ్చి కొబ్బరిలో కనబడింది, ఆ తర్వాత తీరం వెంట పాకింది. ఇది ఆకు అడుగున రసం పీల్చి తేనెబంక రాలుస్తుంది, బంక మీద మసి బూజు పెరిగి ఆకుకు ఎండ తగలనివ్వదు. మందు కొట్టడం తేలికైన దారిలా తోస్తుంది. కానీ దోమ ఉన్నచోటే దాని శత్రువు కూడా ఉంది. ఎన్‌కార్సియా అనే, ఆవగింజ కన్నా చిన్నదైన కందిరీగ దోమ పిల్లల ఒంట్లో గుడ్డు పెడుతుంది. కందిరీగ పిల్ల లోపలి నుంచి దోమను తినేసి బయటికొస్తుంది. మందు కొడితే ముందు చచ్చేది ఈ కందిరీగే. దోమ ఆకు అడుగున మైనపు పొడి కప్పుకుని ఎంతో కొంత మిగులుతుంది, తనను తినేవాడు లేని తోటలో మళ్ళీ పెరుగుతుంది. మందు కొట్టకండని శాస్త్రవేత్తలు రైతుకు చెప్పేది ఇందుకే. పచ్చగా ఉండాల్సిన మట్టలు కళ్ళముందు నల్లబడుతుంటే చేతులు కట్టుకుని కూర్చోవడం ఎంత కష్టమో ఆ తోటవాళ్ళకే తెలుసు.

విజయనగరం మామిడి తోటల్లోనూ ఇదే చిక్కు ఇంకో రూపంలో ఉంది. సువర్ణరేఖ పూతకొచ్చిన రోజుల్లో తేనెమంచు పురుగు పడుతుందని మందు కొడతారు. పూలకు పరాగసంపర్కం చేసేది తేనెటీగలే అనుకుంటాం గాని, మామిడి పూతకు ఆ పని ఎక్కువగా చేసిపెట్టేవి ఈగలు. పూత విచ్చుకున్నప్పుడు కొట్టిన మందు వాటినీ తీసుకుపోతుంది. అసలే మామిడిలో నూరు పూలకు ఒక్కటి కూడా కాయగా నిలవదు. పూత విచ్చకముందు ఒకసారి, పిందె కట్టాక ఒకసారి కొట్టుకుని, నడుమ రోజులు ఈగలకు వదిలేయడం మంచిది.

ఎలుగుబంటి దగ్గరికొస్తే ఈ లెక్కలో రక్తం కూడా ఉంది. వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి మండలాల్లో ఎలుగు దాడుల్లో మనుషులు చనిపోయారు, చాలామంది అవయవాలు పోగొట్టుకున్నారు. ఎలుగులూ చచ్చాయి. మనుషులు పోయిన ఇళ్ళ ముందు జంతువు హక్కుల గురించి మాట్లాడటం కష్టం. అయినా ఈ గొడవ ఎక్కడి నుంచి వచ్చిందో చూడకపోతే ఆగేదీ కాదు.

ఎలుగుకు ఇష్టమైన తిండి చెదపురుగులు. పైవరస ముందుపళ్ళలో నడుమ రెండు దానికి పుట్టుకతోనే ఉండవు. పుట్టను పొడవాటి గోళ్ళతో తవ్వి, మట్టిని ఊది, ఆ పళ్ళ సందులోంచి చెదల్ని గాలితో సహా లోపలికి పీలుస్తుంది. కొంగ ముక్కు గుల్లకు ఎలాగో ఎలుగు నోరు చెదకు అలాగ. ఆ తర్వాత ఇష్టం పళ్ళూ పువ్వులూ: నేరేడు, రేగు, ఇప్పపువ్వు, మర్రిపండు, రేలకాయ గుజ్జు. రేల గింజ ఎలుగు కడుపులోంచి బయటికొచ్చాక తేలిగ్గా మొలుస్తుంది. కొండల్లో రేలచెట్టుకు అది విత్తులు చల్లే కూలీ లాంటిది. అలాంటి జంతువుకు ఉద్దానం ఎలా కనిపిస్తుందో ఆలోచించండి. ఎడతెగని జీడి నీడ, కింద పడి కుళ్ళే జీడిపళ్ళు, వేసవిలో ఘుమఘుమలాడే పనస, మోడుల నిండా చెద. తోట నాటింది మనిషి. ఎలుగుకు అది అడవే. జీడిచెట్టు పోర్చుగీసువాళ్ళ ఓడల్లో బ్రెజిల్ నుంచి వచ్చిందన్న సంగతి దానికేం తెలుసు? నీడా తిండీ ఉన్నచోటు దానిది.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి, జీడినీ కొబ్బరినీ వేళ్ళతో పెకలించింది. రైతుకు ఆ నష్టం లెక్కల్లో రాశారు. ఎలుగు పోగొట్టుకున్న నీడను ఎవరూ రాయలేదు. ఆడ ఎలుగు పిల్లల్ని వీపు మీద ఎక్కించుకుని తిరుగుతుంది. దానికి చూపు మందం, తిండిలో మునిగి ఉంటే అలికిడి వినదు. తెల్లవారుజామున తోటకు వెళ్ళే మనిషి అనుకోకుండా దాని ఎదుట పడితే పరుగెత్తే అలవాటు దానికి లేదు, మీద పడుతుంది. పులులుండే అడవుల్లో పిల్లల్ని కాచుకోవడానికి అది నేర్చిన పద్ధతి అది. ఈ దాడుల్ని ఎలుగు కోపంగా చూస్తే చంపడం తప్ప దారి తోచదు. దాని తిండి వేళలుగా చూస్తే చేయదగిన పనులు కొన్ని కనిపిస్తాయి: పనస తొనలు తీసిన చెత్త ఇళ్ళ పక్కన పోయకపోవడం, పళ్ళ కాలంలో చీకటితో ఒంటరిగా తోటకు వెళ్ళకపోవడం, వెళ్ళక తప్పనప్పుడు దూరం నుంచే మాటలు వినబడేలా నడవడం. వెనకటి వాళ్ళు గుంపుగా పాడుకుంటూ తోటలకు వెళ్ళడంలో ఈ ఎరుక కూడా ఉండే ఉంటుంది.

తుపానుల మాట వచ్చింది కాబట్టి మళ్ళీ చింతచెట్ల దగ్గరికి. 2013లో ఫైలిన్, 2018లో తిత్లీ, రెండూ అక్టోబరులోనే ఈ తీరాన్ని ఊపేశాయి. అక్టోబరంటే తేలుకుంచి గూళ్ళలో ఇంకా సరిగ్గా ఎగరలేని పిల్లలుండే నెల, తేలినీలాపురానికి కొత్త జంటలు చేరే నెల. తుపానుకు పిల్లలు పోతే మరుసటి ఏడు మళ్ళీ గుడ్లు పెడతాయి. చెట్టు పడిపోతే అలా కాదు. చింత నిదానంగా పెరిగే చెట్టు, గూళ్ళ బరువు మోసే కొమ్మ కట్టడానికి దశాబ్దాలు కావాలి. ఇప్పుడు ఆ ఊళ్ళలో గూళ్ళు మోస్తున్నవి తాతల నాటి చెట్లు. చింతపండు ధర లేదనో, ఇల్లు కట్టాలనో, రోడ్డు వెడల్పు చేయాలనో ఒక్కొక్కటే పోతే, ఆ స్థానంలో ఎవరూ చింత నాటడం లేదు. పక్షుల కోసం కావలి మంచెలూ బోర్డులూ పెట్టినంత శ్రద్ధగా, ఈ రెండు ఊళ్ళ చుట్టూ నాలుగు చింత మొక్కలు పాతి, మేకలు కొరక్కుండా కంచె కట్టాలి. పని ఈ తొలకరికే మొదలుపెట్టాలి. ఇప్పుడు నాటినా ఆ కొమ్మల మీద మొదటి గూడు పడేసరికి, నాటినవాళ్ళ మనవలు బడికి వెళుతుంటారు.